వీలునామా రాసినవాళ్ల తిప్పలు

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ పత్రికలో ఆస్తి తగాదాలు వద్దనుకుంటే వీలునామా రాసి పెట్టండని అరపేజీ వేశారు. బాగుంది. రాసినవాళ్ల ఇంట్లో ఏం జరుగుతుందో కూడా వేయాల్సింది.

మా నాయన రాశారు. మిర్యాలగూడలో మాది ఎరువుల దుకాణం. దుకాణం నాకు, తను కొన్న రెండెకరాలు అక్కకు, బ్యాంకు డబ్బు అమ్మకు అని తెల్ల కాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేశారు. ఆయన పోయాక అది పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, కౌంటర్లో అబ్బాయి కాగితం అటూ ఇటూ తిప్పి "స్టాంపు పేపర్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు, ఇది నడవదు సార్" అన్నాడు. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ మన ఇష్టం. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాలి. భారత వారసత్వ చట్టం వచ్చింది 1925లో. వందేళ్లు దాటినా ఆ కౌంటర్ దాకా ఇంకా చేరలేదు కాబోలు!

బ్యాంకులో ఇంకో వింత. నామినీని నేనే కాబట్టి డబ్బంతా నాదేనట. నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పజెప్పేవాడే తప్ప యజమాని కాదు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో కూడా ఇదే చెప్పింది. నాకు ఆశ పుట్టి ఉంటే అమ్మ గతి ఏమిటి?

ఊళ్లో పెద్దమనుషులదీ అదే దారి. "కట్నం ఇచ్చిన్రు కదా, ఆడపిల్లకు భూమి ఎందుకు?" అని అక్క ముందే అన్నారు. నాయన సొంత సంపాదన ఆయన ఇష్టం. పిత్రార్జితంలోనైతే ఆడపిల్లకు సమాన వాటా 2005 నుంచి దేశమంతటా ఉంది. పెళ్లికాని ఆడపిల్లలకు మన ఉమ్మడి రాష్ట్రం 1986లోనే ఇచ్చింది.

తెలిసిన వాళ్ల మిల్లు సంగతి మరీ అన్యాయం. ఇద్దరే భాగస్వాములు. అలాంటప్పుడు ఒకరు పోతే చట్టం ప్రకారం సంస్థే రద్దయిపోతుంది. ఏటా లెక్కలు రాసిన పెద్దమనిషి ఆ ముక్క ఒక్కరోజూ చెప్పలేదు. సరిగ్గా వరి కోతలప్పుడు మిల్లు ఆగింది, పిల్లలు వేరుపడ్డారు.

భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది. బోర్డులు మారాయి, "రేపు రాండ్రి" మాత్రం మారలేదు. మొన్న మళ్లీ ఆ మొదటి ఆఫీసుకే వెళ్లాను. వీలునామా ఒరిజినల్ తెమ్మన్నారు. అది మూడు నెలలుగా వాళ్ల బీరువాలోనే ఉంది.

— ఒక పాఠకుడు, మిర్యాలగూడ