ఒకటి పడిపోతే రెండోది లేస్తుందన్నారు

కర్నూలు,
జూన్ 28.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

మెయిలు సర్వర్ల గురించిన ఫిర్యాదు స్పీడ్ పోస్టులో రావడం మీకు వింతగా ఉండవచ్చు. ఫిర్యాదు ఏదైనా రిజిస్టర్ చేసిన మెయిలు చిరునామా నుంచి వస్తేనే తీసుకుంటామని మీ వాళ్లు తేల్చి చెప్పారు. ఆ చిరునామా ఉన్నది, ఒకటి ఆగితే రెండోది అందుకుంటుందని మీరు పెట్టి వెళ్లిన రెండు సర్వర్ల మీద. చెడిపోయినవి ఆ సర్వర్లే. అందుకే తపాలా శాఖను ఆశ్రయించాను.

ఈ నెల 4న రాత్రి గాలివానకు కరెంటు పోయి వచ్చింది. తెల్లవారేసరికి మెయిళ్లలో సగం కనిపిస్తున్నాయి, సగం కనిపించడం లేదు. మాది విత్తనాల వ్యాపారం. ఆదోని, ఎమ్మిగనూరు, గద్వాల డీలర్లు ఆర్డర్లన్నీ మెయిల్లోనే పంపుతారు. తొలి వాన పడ్డాక రైతు వారం ఆగడు. ‘ఆర్డరు పంపి మూడు రోజులైంది, లారీ ఎక్కడ?’ అని డీలరు నిలదీస్తుంటే, మా దగ్గర ఆ ఆర్డరే లేదు.

5న మీ హెల్ప్‌లైనుకు ఫోను చేశాను. ఇరవై రెండు నిమిషాలు సన్నాయి వినిపించారు. తర్వాత వచ్చిన అమ్మాయి ఎంతో మర్యాదగా, రిజిస్టర్ చేసిన మెయిలుకు ఓటీపీ పంపానని, అది చదివి చెప్పమని అడిగింది. ‘మెయిలు సరిగా రావడం లేదనే కదమ్మా ఫోను చేసింది’ అన్నాను. ‘పర్వాలేదు సార్, వచ్చాకే చెప్పండి, లైన్లో ఉంటాను’ అంది. ఉంది కూడా, పాపం. నాలుగు నిమిషాలు ఇద్దరం మాటా పలుకూ లేకుండా ఆ ఓటీపీ కోసం ఎదురుచూశాం.

6న మరొకాయన తగిలారు. ఏ సర్వరు ఆగిపోయిందని అడిగారు. రెండూ నడుస్తున్నాయన్నాను. ‘రెండూ నడుస్తుంటే ఇక ఇబ్బంది ఏముంది సార్, హై అవైలబిలిటీ, అంటే సేవ ఆగకుండా ఉండటం, అదే కదా’ అని ఫిర్యాదు టికెట్ మూసేశారు. మూసేసిన సంగతి తెలియజేస్తూ మాకు మెయిలు కూడా పంపారట. అది ఏ సగంలో పడిందో ఇప్పటికీ తెలియదు.

9న దొరికిన ఇంజినీరుకు విషయం తెలుసు. దాన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారని ఆయనే చెప్పారు. రెండు యంత్రాలూ ఒకదాని గుండెచప్పుడు, అంటే ‘నేను నడుస్తున్నాను’ అనే సంకేతం, ఒకటి వింటూ ఉండాలి. పనిచేసేది ఒకటే, రెండోది కాచుకుని ఉంటుంది. మధ్యలో తీగ తెగితే, అవతలిది చచ్చిపోయిందని ఇదీ, ఇది చచ్చిపోయిందని అదీ అనుకుని, రెండూ నెట్‌వర్కులో యంత్రాన్ని గుర్తించే ఒకే ఐపీ చిరునామా ఎత్తుకుని కూర్చుంటాయి. ఒకే పొలానికి ఇద్దరి పేరున పట్టా ఇచ్చినట్టు. వచ్చే మెయిలు ఒకసారి దీని గుమ్మం తొక్కుతుంది, ఒకసారి దాని గుమ్మం తొక్కుతుంది. ఇంత చక్కగా విడమరిచి చెప్పిన పెద్దమనిషి చివరికి ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? ఒకదాని డేటా ఉంచి, రెండోదాన్ని చెరిపేయమన్నారు. అంటే సగం మంది డీలర్ల ఆర్డర్లను చేజేతులా చెరుపుకోమని! మా కంప్యూటర్ ఆపరేటరు అమ్మాయి ఒప్పుకోలేదు. రాత్రి పదకొండు దాకా కూర్చుని రెండింటిలోని మెయిల్ బాక్సులనూ బయటి డిస్కులోకి కాపీ చేసి, ఒక యంత్రాన్ని ఆపేసి, ఆర్డర్లను ఒక్కొక్కటిగా సరిపోల్చింది. ఆమెకు మీరు మూడేళ్ల జీతం ఇచ్చినా రుణం తీరదు.

గుండెచప్పుడు వినిపించే ఆ దారి ఎలా వేశారో నేనే వెళ్లి చూశాను. రెండు సర్వర్లకూ యూపీఎస్ ఉంది. రెండింటినీ కలిపే ఒకే ఒక్క చిన్న స్విచ్చు మాత్రం గోడకున్న ప్లగ్గులో, టీ కెటిల్ పక్కన ఉంది. కరెంటు పోతే సర్వర్లు బతుకుతాయి, ఒకదాని సంగతి ఒకదానికి తెలియజేసేది మాత్రం చస్తుంది. ఏ సర్వరు పనిచేయాలో తేల్చడానికి రెండే ఓట్లు ఉంటే మెజారిటీ తేలదు కాబట్టి మూడో ఓటుకు ఒక చిన్న యంత్రం పెడతామని మీ కొటేషన్‌లో రాశారు. అనుమానం వస్తే ఒకటి రెండోదాని కరెంటు కోసేసే ఏర్పాటు కూడా అందులో ఉంది. ‘వచ్చే వారం’ అన్నారు. పద్నాలుగు నెలలైంది.

ఇదే అడిగితే 13న సర్వీసు వాళ్లు సేల్స్‌ను అడగమన్నారు. 19న సేల్స్ వాళ్లు సర్వీసును అడగమన్నారు. స్ప్లిట్ బ్రెయిన్ మా గదిలో ఒక్కచోటే లేదని అప్పుడు అర్థమైంది. అవతలి సర్వరు అందకపోతే మెయిలు పంపే సర్వరు వెంటనే చేతులెత్తేయదు, సాధారణంగా నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీ వాళ్లు ఒక్కసారైనా తిరిగి ఫోను చేయలేదు. తప్పు, చేశారు. 24న, వార్షిక నిర్వహణ ఒప్పందం రెన్యూవల్ డబ్బు గురించి. దానికి ఓటీపీ అడగలేదు.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ముంచినప్పుడు కింది అంతస్తులోని మా కంప్యూటర్లు నీళ్లలో మునిగాయి. మీరప్పుడు రెండు గదుల కంపెనీ. మోకాలి లోతు బురదలో మీరే స్వయంగా వచ్చి, హార్డ్ డిస్కు విప్పి తువ్వాలులో చుట్టుకుని తీసుకెళ్లారు. ఆ భయంతోనే కదా, ఒకటి పోయినా రెండోది ఉండాలని ఇంత ఖర్చు పెట్టింది. ఇంకెవరో తక్కువకు చేస్తామంటే, ఆ తువ్వాలు గుర్తొచ్చి పంపించేశాను.

వ్యాపారానికి కొన్నది వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రావడం కష్టమని మా వకీలు అన్నారు. సంతోషించకండి. ఒప్పందం తప్పితే సివిల్ కోర్టు ఉందని కూడా ఆయనే అన్నారు. మూడో యంత్రం, రెండో తీగ, స్విచ్చుకు యూపీఎస్, ఈ నెల పోయిన ఆర్డర్ల సంగతి, వీటిలో ఏది ముందు చేస్తారో నాకు తెలియదు. చేసే మనిషి మాత్రం మా గుమ్మంలో కనిపించాలి. జూలై 10 దాకా చూస్తాను. ఆ తర్వాత రెన్యూవల్ లేదు, నోటీసు ఉంటుంది. నంద్యాల, అనంతపురంలో నా మాట మీద మీ దగ్గర సర్వర్లు కొన్న నలుగురికీ ఈ ఉత్తరం నకలు వెళుతుంది.

ఇట్లు,
పదిహేనేళ్లు దాటిన మీ కస్టమరు,
విత్తనాల వ్యాపారి, కర్నూలు.

తా.క. జవాబు మెయిల్లో పంపకండి. ఉన్న ఒక్క యంత్రంతో నెట్టుకొస్తున్నాం, దాని మీద నాకు నమ్మకం లేదు.