మా నాయనమ్మ కోరిక నెరవేర్చిన వారందరికీ కృతజ్ఞతలు

చిక్కడపల్లిలోని మా ఇరుగుపొరుగు వారికీ, కన్నుమూసిన మా నాయనమ్మ కళ్లను దానంగా స్వీకరించిన రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి సిబ్బందికీ, పదకొండో రోజున వచ్చి ఆమె గురించి మాకే తెలియని సంగతులు చెప్పిన పెద్దలకూ మా కుటుంబం తరఫున మనఃపూర్వక నమస్కారాలు. ప్రతి ఇంటికీ వచ్చి స్వయంగా చెప్పుకోవలసిన మాట ఇది. నాన్నగారు ఇంకా తేరుకోలేదు కనుక ముందుగా ఇలా రాస్తున్నాను.

నాయనమ్మ 1934లో పుట్టింది. నిజాం రాజ్యంలో కచేరీలలోనూ పైచదువులలోనూ ఉర్దూయే నడుస్తున్న ఆ కాలంలో, మాడపాటి హనుమంతరావు గారి చొరవతో 1928లో నారాయణగూడలో మొదలైన తెలుగు బాలికల పాఠశాలలో చదువుకునే భాగ్యం ఆమెకు దక్కింది. 1948లో ఊళ్లన్నీ అట్టుడుకుతున్న రోజుల్లో ఇంట్లోవాళ్లు భయపడి బడి మానిపించారు, సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసి పరిస్థితులు చక్కబడ్డాక బడికి బదులు అత్తవారింటికి పంపారు. ఆ తరువాత సుల్తాన్‌ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం నుంచి తాతయ్య తెచ్చిన పుస్తకాలే ఆమె చదువు. చిక్కడపల్లికి మారాక నగర కేంద్ర గ్రంథాలయం నడిచి వెళ్లేంత దగ్గర కావడం ఆమెకు ఈ ఇంట్లో అన్నిటికన్నా నచ్చిన సౌకర్యం.

చూపు విలువ అంతగా తెలిసిన మనిషి కాబట్టే కళ్లు దానం చేయాలని కోరుకుంది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయిందనీ, ఈ వయసులో తన కళ్లు ఎవరికీ పనికిరావేమోననీ బెంగపడుతుంటే, ఒకప్పుడు నర్సుగా పనిచేసిన కింది వాటా అత్తయ్యగారే ధైర్యం చెప్పారు. శుక్లం వచ్చేది కంటి లోపలి కటకానికనీ, దానంగా తీసుకునేది ముందుండే పారదర్శకమైన పొర కార్నియాననీ, దీనికి వయసు అడ్డుకాదనీ ఆవిడ వివరించాకే నాయనమ్మ మనసు కుదుటపడింది.

తెల్లవారుజామున నాయనమ్మ పోయినప్పుడు మాకెవరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. ప్రాణం పోయిన ఆరు గంటలలోపు కార్నియాను సేకరించాలని గుర్తుంచుకొని నేత్రనిధికి ఫోన్ చేసింది ఆ అత్తయ్యగారే. గదిలో ఫ్యాను ఆపించి, నాయనమ్మ తల కింద దిండు పెట్టి, రెప్పలు మూసి, వాటిపై తడి దూదిని ఉంచిందీ ఆవిడే. బంధువులలో కొందరు ముఖం వికృతమవుతుందేమోననీ, కర్మకు లోపం వస్తుందేమోననీ సందేహించినప్పుడు, పై వాటాలోని పురోహితులు శాస్త్రానికి ఏ ఇబ్బందీ లేదని ఓపికగా నచ్చజెప్పి, అంగీకార పత్రం మీద తామే మొదటి సాక్షిగా సంతకం చేశారు. ఇంటికి వచ్చిన సిబ్బంది నాయనమ్మకు నమస్కరించి, పని పూర్తయ్యాక ముఖాన్ని శుభ్రంగా తుడిచి మాకు అప్పగించిన తీరును మేము మరచిపోలేము. ఆ మర్యాద వారి ఉద్యోగ విధులలో ఎక్కడా రాసి ఉండదని నా నమ్మకం.

పదకొండో రోజున మా వీధి చివర పూలమ్మే అక్క ఒక పాత ఇన్‌లాండ్ లెటరు తెచ్చి చూపింది. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ కూలిపని చేసుకున్న వాళ్లమ్మకు, బొంబాయిలో ఉన్న భర్త నుంచి వచ్చే ఉత్తరాలు చదివి పెట్టిందీ, జవాబులు రాసి ఇచ్చిందీ మా నాయనమ్మేనట. అలాంటివారు ఇంకెందరో ఉన్నారని ఆ రోజే విన్నాము. మధ్యాహ్నం వేళ వరండాలో ఆడవాళ్లు కూర్చొని ఉండడం మేమందరం చూసినదే, కానీ ఆ ఉత్తరాలలోని అప్పులూ, అలకలూ, జబ్బులూ, ఎదురుచూపులూ ఆమె నోటి నుంచి ఇంట్లో ఎవరి చెవినా పడలేదు. ఆమె గొప్ప చదువరి అని మాకు ముందే తెలుసు. ఇంతమంది గుట్టును ఇన్నేళ్లు కాపాడిన మనిషి అని తెలియజేసిన మీ అందరికీ మేము రుణపడి ఉన్నాము.

నాయనమ్మ రాసిన ఉత్తరాలు గానీ, ఆమె ఉన్న ఫోటోలు గానీ ఎవరి దగ్గరైనా ఉంటే, మీకు అభ్యంతరం లేనివి మాత్రమే ఒక్కరోజు ఇప్పించగలరు. నకలు తీసుకొని నేనే తెచ్చి ఇస్తాను. సొంత విషయాలున్న ఉత్తరాలను మాకు చూపనవసరం లేదు, చేతిరాత కనిపించేలా పైన చిరునామా రాసిన భాగం ఇచ్చినా చాలు.