నూలు శుద్ధిలో మేము చేసిన మార్పు: మా కొనుగోలుదారులకు వివరణ

వరంగల్ కొత్తవాడలోని మా యూనిట్ నుంచి జంపఖానాలు, దుప్పట్లు కొంటున్న వారందరికీ నమస్కారం. ఈ ఏడాది నుంచి నూలును, గుడ్డను శుద్ధి చేసే దశలో కాస్టిక్ సోడాకు బదులు ఎంజైములు (ఒక్కొక్కటి ఒక్కో పదార్థాన్ని విడగొట్టే, జీవులు తయారు చేసే ప్రోటీన్లు) వాడుతున్నాము. మా సరుకు తీసుకుని అమ్మే కొందరు దుకాణదారులు ఈ సంగతి విని, 'రసాయనాలు లేని జంపఖానా' అని చీటీ అంటించమని అడుగుతున్నారు. ఆ మాట నిజం కాదు కనుక మేము ఒప్పుకోలేదు. ఏది మారిందో, ఏది మారలేదో ఇక్కడ వివరిస్తున్నాము.

పత్తి పోగు పైపొరలో పెక్టిన్ అనే జిగురు పదార్థం, మైనం ఉంటాయి. అవి ఉన్నంతవరకు రంగునీరు లోపలికి సరిగా దిగదు. వాటిని తీయడానికి నూలు చిలపలను కాస్టిక్ సోడా నీటిలో దాదాపు మరిగే వేడిలో గంటల తరబడి ఉడికించి, క్షారం పోయేదాకా పదేపదే కడగడం పాత పద్ధతి. ఇప్పుడు మేము వాడే ఎంజైమైన పెక్టినేజ్‌ను బాసిల్లస్ జాతి బాక్టీరియా తయారు చేస్తుంది. ఆ బాక్టీరియాను పెద్ద తొట్లలో పెంచి, అది స్రవించిన ఎంజైమును వడగట్టి అమ్ముతారు. అది 55-60 డిగ్రీల వేడిలో, స్వల్ప క్షారంలోనే పెక్టిన్‌ను విడగొడుతుంది, పోగుకు అసలు పదార్థమైన సెల్యులోజ్ జోలికి పోదు కనుక పోగు బలం నిలుస్తుంది. మైనం మాత్రం ఆ వేడికి పూర్తిగా పోదు, కాబట్టి చివర ఒకసారి బాగా వేడి నీటితో కడగక తప్పదు.

దుప్పట్ల గుడ్డలో పడుగుకు పట్టించిన గంజిని తీయడానికి అమైలేజ్ అనే ఎంజైము వాడుతున్నాము. ఇది కొత్త విద్య కాదు. బాక్టీరియా నుంచి అమైలేజ్‌ను తీసే పద్ధతిని 1917 ప్రాంతంలోనే ఫ్రాన్సులో బోయిడిన్, ఎఫ్రాంట్ అనే శాస్త్రవేత్తలు రూపొందించారు.

మాకు అన్నిటికంటే సంతృప్తినిచ్చినది కాటలేజ్ అనే మరో ఎంజైము. నూలును హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచిన తరువాత అందులో కొంచెం పెరాక్సైడ్ మిగిలినా అది మేము వేసే రియాక్టివ్ రంగును (పోగుతో రసాయనికంగా కలిసిపోయే రంగును) దెబ్బతీస్తుంది. ఒకే జంపఖానాలో ఎరుపు ఒకచోట ముదురుగా, మరొకచోట పాలిపోయి కనిపించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఇంతకు ముందు దానిని వదిలించడానికి తొట్టెల కొద్దీ నీరు మార్చేవాళ్ళము. కాటలేజ్ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది, ఆ పని ముగిశాక అదే తొట్టెలో రంగు వేయవచ్చు. ఎండాకాలంలో బోర్లు అడుగంటే మన ప్రాంతంలో ఇలా మిగిలే నీటి విలువ మీకు చెప్పనవసరం లేదు.

ఇక మారనివి. తెల్లబరచడానికి పెరాక్సైడ్, రంగులకు రియాక్టివ్ రంగులు, అవి పోగుకు పట్టడానికి ఉప్పు, వాషింగ్ సోడా ఇప్పటికీ వాడుతున్నాము. ఆ ఉప్పును ఏ బాక్టీరియా కూడా తినివేయదు. మురుగునీటిని శుద్ధి చేసిన తరువాత కూడా అది నీటిలోనే ఉంటుంది. అమైలేజ్ కరిగించిన గంజి సైతం మాయం కాదు, చక్కెరగా మారి మురుగునీటిలో చేరుతుంది, ఆ నీటిని అలాగే వదిలితే చెరువులోని ఆక్సిజన్‌ను హరిస్తుంది. అందుకే గాలి పంపే తొట్టెలో బాక్టీరియాతో దానిని తినిపించిన తరువాతనే బయటికి పంపాలి.

ఎంజైము ఖరీదు కాస్టిక్ సోడా కంటే ఎక్కువ. కట్టెలు, నీరు, కూలి వేళల్లో మిగిలేది ఆ తేడాను పూడ్చుతున్నది తప్ప ధర తగ్గించేంత లాభం ప్రస్తుతం రావడం లేదు. కాబట్టి పాత ధరలే కొనసాగుతాయి.

ఒక విన్నపం. కాస్టిక్ సోడా కరిగించినంతగా పత్తి గింజ పెంకు ముక్కలను పెక్టినేజ్ తీయలేదు, అందువల్ల తెల్లబరచని సహజ వర్ణపు దుప్పట్లలో అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. అవి మరకలు కావు, నేత లోపమూ కాదు. చుక్క లేని తెలుపు కావలసిన వారు దసరా ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పండి. ఆ గుడ్డను పెరాక్సైడ్‌తో తెల్లబరచి, ఆ సంగతిని బిల్లుపైనే రాసి పంపుతాము.