వార్షిక నివేదిక: నర్సు బాధ్యతలు, చట్టం, వృత్తి నీతి

నర్సుల సంఘం సభ్యులకు నమస్కారం.

వార్డులో పనిచేసే నర్సుకు చట్టం ఏ బాధ్యతలు పెడుతుందో, వృత్తి నీతి ఏం కోరుతుందో డ్యూటీలో పనికొచ్చేలా వివరించాలని గత సర్వసభ్య సమావేశం కార్యవర్గాన్ని కోరింది. ఈ ఏడాది అధ్యయన తరగతులు, సలహా విభాగం, నమూనా పత్రాల తయారీ అన్నీ ఆ పని చుట్టూనే సాగాయి. సభ్యులు వేర్వేరు చోట్ల, వేర్వేరు చట్టాల కింద పనిచేస్తున్నారు. కాబట్టి ఎక్కడైనా వర్తించే విషయాలనే ఇక్కడ పొందుపరిచాం. మీ నర్సింగ్ కౌన్సిల్ నిబంధనలను, మీ ఆసుపత్రి రాతపూర్వక విధానాన్ని దీనితో కలిపి చదువుకోవాలి.

"డాక్టరుగారు రాశారు, నేను ఇచ్చాను"

తరగతుల్లో పదేపదే వచ్చిన ప్రశ్న ఇది: డాక్టరు రాసిన ఆర్డరు ప్రకారమే ఇచ్చినప్పుడు తప్పు నర్సుది ఎలా అవుతుంది? రాసిన తప్పు రాసినవారిదే. కానీ చదివినప్పుడే తేడాగా ఉందని శిక్షణ పొందిన నర్సుకు తెలియాల్సిన ఆర్డరును అడగకుండా అమలు చేస్తే, ఆ అమలు నర్సుది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో తొలిసారి ఆమోదించి, 2021లో మళ్లీ సవరించిన నీతి నియమావళి కూడా నర్సు తన పనికి తానే జవాబుదారీ అని చెబుతుంది.

నిర్లక్ష్యం కేసులో సాధారణంగా నాలుగు విషయాలు రుజువు కావాలి. ఆ రోగిని చూసుకునే బాధ్యత నర్సుకు ఉండాలి. ఆ బాధ్యతలో లోపం జరగాలి. రోగికి హాని కలగాలి. ఆ లోపం వల్లే ఆ హాని కలిగి ఉండాలి. నాలుగింటిలో ఏది లేకపోయినా నష్టపరిహారం కేసు నిలబడటం కష్టం. అంతమాత్రాన బయటపడ్డామనుకోకూడదు. నాలుగు గంటలకోసారి చూడాల్సిన బీపీని రాత్రంతా చూడకుండా, తెల్లవారి అంకెలు ఊహించి నింపితే, రోగికి ఏమీ కాకపోయినా కౌన్సిల్ ముందు అది దుష్ప్రవర్తనే. అందుకు రిజిస్ట్రేషనే పోవచ్చు.

నర్సు పనిలో లోపం ఉందో లేదో తేల్చే కొలత విషయంలోనూ చాలామందికి అనుమానాలున్నాయి. అదే శిక్షణ ఉన్న మామూలు సమర్థురాలైన నర్సు ఆ పరిస్థితిలో ఏం చేసి ఉండేదన్నదే కొలత. అందరికంటే గొప్పగా చేయాలని చట్టం అడగదు. అలాగని కొత్తగా చేరారని కొలత తగ్గించదు కూడా. అందుకే వెంటిలేటర్ చూసుకోవడం రాని నర్సు ఆ మాట డ్యూటీ మొదట్లోనే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు చెప్పాలి.

మందులు

ఎక్కువ సమయం దీనికే కేటాయించాం. నివారించదగిన తీవ్రమైన మందుల హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పిలుపునిచ్చింది. అందులో నర్సుల చేతుల్లో ఉన్న భాగం చాలా పెద్దది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అనే ఐదూ అందరికీ కంఠతా వచ్చు. పొరపాట్లు వస్తున్నది తెలియక కాదు, ఆ ఐదింటినీ ఏ క్షణంలో సరిచూస్తున్నామన్న దగ్గర. మందు తీసేటప్పుడు, కలిపేటప్పుడు, మంచం పక్కన ఇచ్చే ముందు, మూడుసార్లూ లేబుల్ చదవాలి. రోగిని "మీరు లక్ష్మిగారేనా?" అని అడిగితే మగతలో ఉన్నవారు దేనికైనా ఊఁ అంటారు. "మీ పేరేంటండీ?" అని అడిగి, చేతి పట్టీ మీది నంబరుతో పోల్చాలి. మంచం నంబరు గుర్తింపు కిందికి రాదు, ఎందుకంటే మంచాలు మారుతుంటాయి.

పది రెట్ల పొరపాటు గురించి విడిగా చెప్పుకోవాలి. ఇన్సులిన్ 10 యూనిట్లు అని రాయడానికి 10 పక్కన ఇంగ్లిష్ యూ అక్షరం పెడితే, అది సున్నాలా కనిపించి 100 అవుతుంది. కాబట్టి యూనిట్లు అన్న మాట పూర్తిగా రాయాలి. 5.0 అని రాస్తే చుక్క కనబడక 50 అవుతుంది, .5 అని రాస్తే 5 అవుతుంది. పూర్ణాంకం తర్వాత చుక్క, సున్నా పెట్టకూడదు. ఒకటి కంటే తక్కువైతే చుక్కకు ముందు సున్నా తప్పకుండా ఉండాలి. సిర ద్వారా ఇచ్చే పారాసిటమాల్ మి.లీ.కి 10 మి.గ్రా. ఉంటుంది. 4 కిలోల శిశువుకు కిలోకి 7.5 మి.గ్రా. చొప్పున 30 మి.గ్రా. రాస్తే ఇవ్వాల్సింది 3 మి.లీ. ఆ 30ని మి.లీ.గా చదివితే 300 మి.గ్రా. లోపలికి వెళుతుంది, కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆర్డరు మి.గ్రా.లో, సిరంజి మి.లీ.లో ఉన్న ప్రతిచోటా ఈ ప్రమాదం ఉంటుంది. అందుకే మోతాదుతో పాటు మి.లీ. లెక్క కూడా ఛార్టులో రాయాలని నమూనా పత్రంలో ఒక గడి చేర్చాం.

డ్రిప్ లెక్కల తరగతిలో 1000 మి.లీ. సెలైన్ 8 గంటల్లో ఎక్కించే ఉదాహరణ తీసుకున్నాం. మి.లీ.కి 20 చుక్కలు పడే డ్రిప్ గొట్టం (సెట్) అయితే 1000ని 20తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి సుమారు 42 చుక్కలు. అదే 60 చుక్కల మైక్రో సెట్ అయితే 125 చుక్కలు. సెట్ కవరు మీది అంకె చూడకుండా అలవాటు లెక్కలో పెడితే ద్రవం మూడింతలు తేడాగా పోతుంది. వృద్ధులకు, గుండె జబ్బు ఉన్నవారికి ఆ తేడా ఊపిరితిత్తుల్లో నీరు చేరేంత ప్రమాదం.

పొటాషియం క్లోరైడ్ గాఢ ద్రావణాన్ని పలుచన చేయకుండా నేరుగా సిరలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. దాని ఆంప్యూల్స్ సెలైన్, డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్స్ ఉన్న ట్రేలో ఉండకూడదు. వీలైతే మామూలు వార్డులోనే ఉంచకూడదు. విన్‌క్రిస్టీన్ సిరలోకి మాత్రమే ఇవ్వాల్సిన క్యాన్సర్ మందు. పొరపాటున వెన్నులోకి వెళితే దాదాపు ప్రాణం పోయినట్టే. సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇవ్వమనేది ఇందుకే, బ్యాగును ఎవరూ వెన్నుపూస సూదికి తగిలించరు కదా. ఇలాంటి మందులకు ఇద్దరు నర్సులు సరిచూసేటప్పుడు రెండోవారు మొదటివారి జవాబు చూడకుండా తానే లెక్క కట్టాలి. "మూడు ఎంఎల్, సరేనా?" అని అడిగితే "సరే" అనే వస్తుంది. అది సరిచూడటం కాదు.

ఫోన్ ఆర్డర్లు అత్యవసరానికే పరిమితం. విన్నది వెంటనే రాసి, రాసింది తిరిగి చదివి వినిపించాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి కాబట్టి "ఒకటి, ఐదు" అని అంకెలు విడివిడిగా పలకాలి. చెప్పినవారి పేరు, సమయం రాసి, ఆసుపత్రి విధానం చెప్పిన గడువులోగా వారి సంతకం తీసుకోవాలి.

కేస్ షీట్ రాత

కోర్టులో అయినా, కౌన్సిల్‌లో అయినా, ఏళ్లు గడిచాక నర్సు వైపు మాట్లాడేది ఆ రోజు రాసిన రాతే. "రోగి బాగున్నారు", "రాత్రి ప్రశాంతంగా గడిచింది" అన్నవి దేనికీ సాక్ష్యం కావు. వర్క్‌షాపులో చూపిన నమూనా ఇది:

"రాత్రి 2:10. బీపీ 88/56, పల్స్ 122, శ్వాస నిమిషానికి 26, ఆక్సిజన్ 93 శాతం. చేతులు చల్లగా, చెమటగా ఉన్నాయి. డ్రెస్సింగ్ మీద అరచేయంత తాజా రక్తం. 2:14కి డ్యూటీ డాక్టరుకు ఫోన్‌లో ఇవన్నీ చెప్పాను. రింగర్ లాక్టేట్ 500 మి.లీ. 15 నిమిషాల్లో ఎక్కించమన్నారు. తిరిగి చదివి వినిపించాను. 2:18కి మొదలుపెట్టాను. 2:35కి డాక్టరు వచ్చి చూశారు."

ఇందులో అభిప్రాయాలు లేవు. చూసింది, కొలిచింది, చెప్పింది, చేసింది, వాటి సమయాలు మాత్రమే ఉన్నాయి. డాక్టరు ఫోన్ ఎత్తకపోతే "ఫోన్ చేశాను, ఎత్తలేదు" అని రాసి ఊరుకుంటే బాధ్యత తీరదు. తర్వాత ఎవరికి చేశారు, పై డాక్టరుకా, నర్సింగ్ సూపరింటెండెంటుకా, ఎన్ని గంటలకు అన్నదీ రాయాలి. రోగికి సాయం అందేదాకా ఆ వరస ఆగకూడదు.

తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, కింద అక్షరాలు కనిపించేలా ఉంచి, పక్కన తేదీ, సమయం, సంతకం పెట్టాలి. వైట్‌నర్ పూయడం, పేజీ మార్చి రాయడం ఎన్నడూ కూడదు. మరచిపోయింది తర్వాత గుర్తొస్తే "ఆలస్యంగా రాసినది" అని పేర్కొని, రాస్తున్న సమయమూ జరిగిన సమయమూ రెండూ వేయాలి. ఒక్కచోట దిద్దినట్టు తేలితే మిగతా ఛార్టు అంతా అనుమానంలో పడుతుంది. మంచి సేవ చేసిన నర్సు కూడా ఇలా దిద్దడం వల్ల నిలబడలేకపోవచ్చు. ఇవ్వబోయే మందుకు ముందే టిక్కు పెట్టడం కూడా ఇలాంటిదే. ఆ మందును రోగి వాంతి చేసుకున్నా, వద్దన్నా, ఛార్టు అబద్ధం చెబుతూనే ఉంటుంది.

సమ్మతి

ఆపరేషన్ గురించి, దాని ప్రమాదాల గురించి, ప్రత్యామ్నాయాల గురించి వివరించి సమ్మతి తీసుకోవాల్సింది ఆ చికిత్స చేసే డాక్టరు. సాక్షిగా నర్సు పెట్టే సంతకం, ఆ వ్యక్తే ఇష్టపూర్వకంగా సంతకం చేశారని మాత్రమే చెబుతుంది. మరి నర్సు పని అక్కడితో ముగుస్తుందా? ముగియదు. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లే ముందు ఒక రోగి "గడ్డ ఒక్కటే తీస్తారుగా సిస్టర్, గర్భసంచి ఉంచుతారుగా?" అని అడిగారనుకోండి. పత్రంలో గర్భసంచి తొలగింపు అని ఉంది. సంతకం ఉన్నా సమ్మతి లేదని ఆ ఒక్క ప్రశ్నే చెబుతోంది. అక్కడే ఆగి సర్జన్‌ను పిలవాలి. "అంతా డాక్టరుగారు చూసుకుంటారులే అమ్మా" అని స్ట్రెచర్ నెట్టకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టులో మొదటి అంచె, మత్తు ఇవ్వకముందే రోగి నోటితోనే పేరు, ఆపరేషన్, శరీరభాగం, సమ్మతి నిర్ధారించుకోమంటుంది.

ఆపరేషన్‌కు ముందిచ్చే మత్తు కలిగించే మందు (ప్రీమెడికేషన్) ఇచ్చాక తీసుకున్న సంతకం విలువ ప్రశ్నార్థకమే. సొంతంగా నిర్ణయించుకోగల పెద్దవారి తరఫున కుటుంబసభ్యులు సంతకం చేయడం మన వార్డుల్లో మామూలైపోయింది. దాన్ని మానాలి. సమ్మతి ఇచ్చినవారు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. చికిత్స వద్దన్నప్పుడు వారి మాటలు వారి మాటల్లోనే రాసి, డాక్టరుకు తెలిపి, మిగతా సేవ యథాతథంగా కొనసాగించాలి.

రోగి చేతులు కట్టేయడం కూడా సమ్మతి పరిధిలోనిదే. కారణం, ఆర్డరు, గడువు లేకుండా కట్టేస్తే అది నిర్బంధం. ముందుగా నొప్పి, మూత్రం నిండటం, ఆక్సిజన్ తగ్గడం వంటి కారణాలు వెతకాలి. తప్పనిసరైతే కట్టు కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉంచి, లాగగానే ఊడే ముడి వేయాలి. మంచం పక్క కమ్మీకి కట్టకూడదు, కమ్మీ దించినప్పుడు చేయి లాగేస్తుంది.

గోప్యత

వాట్సాప్ గ్రూపుల్లో పుండు ఫొటోలు, ఎక్స్‌రేలు పెట్టడం గురించి సలహా విభాగానికి చాలా ప్రశ్నలు వచ్చాయి. పేరు తీసేస్తే సరిపోదు. పచ్చబొట్టు, వెనక కనిపించే మంచం నంబరు, పోస్టు చేసిన తేదీ చాలు మనిషిని గుర్తుపట్టడానికి. తెలిసినవారి రికార్డును కుతూహలంతో తెరిచి చూసినా ఉల్లంఘనే. కంప్యూటర్ రికార్డుల్లో ఎవరు, ఎప్పుడు తెరిచారో నమోదవుతుంది.

పని అప్పగింత, సిబ్బంది కొరత

ఆయాకో, విద్యార్థినికో పని అప్పగిస్తే పని చేతులు మారుతుంది కానీ పర్యవేక్షణ బాధ్యత మారదు. అప్పగించదగ్గ పనేనా, ఈ రోగి స్థితిలో తగునా, వారికి వచ్చా, స్పష్టంగా చెప్పామా, తర్వాత చూశామా అని ఐదు ప్రశ్నలు వేసుకోవాలి. "బీపీ చూడు" అంటే చాలదు, "పైది 100 కంటే తగ్గితే వెంటనే నన్ను పిలువు" అనాలి. రోగి స్థితిని అంచనా వేయడం మాత్రం అప్పగించకూడదు.

ఒక్కరే మోయలేనంతమంది రోగులను ఇచ్చినప్పుడు ఏం చేయాలన్నది సభ్యులను అన్నిటికంటే బాధపెడుతున్న ప్రశ్న. బాధ్యత స్వీకరించాక, మరొకరికి అప్పగించకుండా వెళ్లిపోతే రోగులను వదిలేసినట్టే. మౌనంగా భరించడమూ పరిష్కారం కాదు. డ్యూటీ మొదట్లోనే ఎంతమంది రోగులు, ఎందరు సిబ్బంది, ఏ పనులు జరగకపోవచ్చో రాసి సూపరింటెండెంటుకు ఇచ్చి, ఒక ప్రతి దగ్గర ఉంచుకోవాలి. రోగుల పేర్లు అందులో ఉండకూడదు. ఆ ఒక్క పేజీ పత్రాన్ని సంఘం తయారుచేసి సభ్యులందరికీ పంపింది. చేయాల్సింది తెలిసీ చేయలేకపోవడం నర్సులను లోలోపల కుంగదీస్తుంది. దాన్ని వ్యక్తి బలహీనతగా చూడొద్దని పర్యవేక్షకులను కార్యవర్గం గట్టిగా కోరుతోంది.

పొరపాటు జరిగినప్పుడు

మొదట రోగిని చూడాలి, తర్వాత డాక్టరుకు చెప్పాలి. వాడిన మందు సీసా (వయల్), సిరంజి, మందు ఎక్కించే పంపు పారేయకుండా పక్కన పెట్టాలి. కేస్ షీట్‌లో జరిగింది, చేసిన చికిత్స రాయాలి. ఘటన నివేదిక విడిగా ఇవ్వాలి. ఎవరిది తప్పన్న వ్యాఖ్య రెండింటిలోనూ వద్దు. రోగికి, వారు అనుమతించిన కుటుంబసభ్యులకు జరిగింది దాచకుండా చెప్పాలి, ఎవరు చెప్పాలన్నది ఆసుపత్రి విధానం బట్టి ఉంటుంది. చివరి క్షణంలో గుర్తించడంతో రోగిదాకా రాకుండా ఆగిన పొరపాట్లనూ నివేదించాలి. ఒకేలాంటి రెండు ఆంప్యూల్స్ పక్కపక్కన ఉన్నాయని అప్పుడే బయటపడుతుంది.

సలహా విభాగం, వచ్చే ఏడాది

సలహా విభాగం న్యాయవాది స్థానంలో పనిచేయదు. నోటీసు వచ్చిన సభ్యులు జవాబు రాయకముందే సంప్రదించాలని మనవి. సొంతంగా రాసిన తొందరపాటు వివరణలే తర్వాత ఇబ్బంది పెడుతున్నాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం.

వచ్చే ఏడాది డ్యూటీ మారేటప్పటి అప్పగింత మీద, జీవితపు చివరి దశ రోగుల ఆర్డర్ల మీద తరగతులు జరపాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. అందుకోసం మీ వార్డులో వాడుతున్న అప్పగింత పత్రాల ఖాళీ ప్రతులు పంపండి. రోగి వివరాలు నింపినవి మాత్రం పంపకండి.

కార్యవర్గం