హంద్రికీ వీధికుక్కలకూ ఒకే మార్కా?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య కర్నూలు పాతబస్తీలో మా వార్డు సచివాలయం వాళ్లు ప్రమాదాల అంచనా పట్టిక నింపుతున్నాం రమ్మంటే వెళ్లాను. పొదుపు సంఘాల ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ని) కాబట్టి ఇలాంటి సంతకాలకు నన్ను పిలవడం మామూలే. బల్ల మీద కాగితం, అందులో వరసగా గళ్లు: ప్రమాదం పేరు, వచ్చే అవకాశం, వస్తే జరిగే నష్టం, ఈ రెంటినీ గుణిస్తే వచ్చే మార్కు. అవకాశానికీ నష్టానికీ సున్నా నుంచి అయిదు దాకా అంకెలే. అరగంటలో ముగించేశారు. సునామీ గడిలో కూడా శ్రద్ధగా సున్నా చుట్టారు. సముద్రం లేని ఊరికి సునామీ గడి ఉంది గానీ, ఊరిని ఒరుసుకుంటూ పోయే 44వ నంబరు జాతీయ రహదారికి లేదు. 2025 అక్టోబరులో చిన్నటేకూరు దగ్గర తెల్లవారకముందే ప్రయాణికుల బస్సు కాలిపోయింది ఆ రోడ్డు మీదే.

అంతవరకూ నవ్వుకున్నాను. వరద గడి దగ్గర నవ్వు ఆగిపోయింది. అవకాశం 1, నష్టం 5, మొత్తం 5. దానికి రెండు వరసల కింద వీధికుక్కలు: అవకాశం 5, నష్టం 1, మొత్తం 5. కుక్క కరిచిన పిల్లాడి తల్లి ఆ ఒకటికి ఒప్పుకోదు, అది వేరే సంగతి. సంఘాల వడ్డీలు లెక్కవేసే చేయి నాది, గుణకారంలో తప్పు లేదని నాకూ తెలుసు. కానీ ఆ మార్కునే చూసి దేనికి ముందు ఏర్పాటు చేయాలో తేలుస్తారట. ఎండదెబ్బకు 12 వచ్చి పైకెళ్లింది. వెళ్లాల్సిందే, మా మిద్దెలు మే నెలలో పెనాలు. వరద మాత్రం కుక్కల పక్కన కూచుంది.

2009 అక్టోబరు 2ని పాతబస్తీలో ఎవరినడిగినా చెప్తారు. శుక్రవారం, గాంధీ జయంతి సెలవు. ఏడాదిలో ఎక్కువ రోజులు హంద్రి నది అంటే మాకు మురుగునీళ్ల పాయ, ముక్కు మూసుకుని దాటేది. అటు తుంగభద్ర, ఇటు హంద్రి రెండూ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలం జలాశయంలోకి పాతిక లక్షల క్యూసెక్కులు వచ్చి పడుతున్నాయి. 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896 అడుగుల దాకా నీళ్లు నిలబడ్డాయి. కిందికి పోయే దారి లేక నది మా సందుల్లోకి తిరిగింది. మా అత్తగారిని కుర్చీతో సహా నలుగురు పక్కింటి మిద్దె మీదికి ఎక్కించారు. రెండు రాత్రులు అక్కడే. ఎవరి మిద్దెకు మెట్లున్నాయి, ఎవరిది నిచ్చెన మిద్దె, ఏ ఇంట్లో లేవలేని మనిషి ఉన్నారు అన్నది ఆ రాత్రి అరుచుకుని తెలుసుకున్నాం.

నూరేళ్లకో మారు వచ్చేదానికి 1 వేయడం న్యాయమే. అయితే నష్టం గడిలో 5 పడిన ప్రతిదానికీ, మొత్తం ఎంత వచ్చినా సరే, విడిగా ఒక ఏర్పాటు రాసి తీరాలన్న నియమం ఉండాలి. అది పెద్ద ఖర్చేమీ కాదు, పట్టిక కింద ఇంకో వాక్యం.

నన్ను ఇంతకంటే కలవరపెట్టినది సన్నద్ధత అనే గడి. పడవ ఉందా, అవును. జనరేటరు ఉందా, అవును. పునరావాసానికి బడి ఉందా, అవును. టిక్కులు పడిపోయాయి. జనరేటరులో డీజిలు ఉందా, చివరిసారి ఎప్పుడు తిప్పారు, సెలవు రోజు రాత్రి బడి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అని నేనడిగితే, అవి ఈ ఫారంలో లేవమ్మా అన్నారు. ఆ అబ్బాయిని తప్పుపట్టను, పైనుంచి వచ్చిన కాగితం నింపుతున్నాడు. కానీ ‘ఉంది’ అన్న మాట ఎంత పని చేస్తుందో మనం చెయ్యేరు దగ్గర చూశాం. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. కడప జిల్లాలో చెయ్యేరు నది మీద కట్టిన ప్రాజెక్టు అది. పైన పింఛా కట్ట తెగి ఆ నీళ్లూ దీని మీద పడ్డాయి. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్లు ఏమయ్యాయో పేపర్లలో చదివాం. అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదని తర్వాత పార్లమెంటులోనే కేంద్రమంత్రి చెప్పారు. ఆ రోజుకు ముందు ఎవరైనా ఇలాంటి పట్టిక నింపి ఉంటే, గేట్లు ఉన్నాయా అన్న ప్రశ్నకు అయిదు టిక్కులూ పడి ఉండేవి.

2005 విపత్తు నిర్వహణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకూ ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సమీక్షించి సవరించాలి. 41వ సెక్షన్ మున్సిపాలిటీల వంటి స్థానిక సంస్థల గురించి చెప్తూ, వనరులు ఎప్పుడంటే అప్పుడు వాడుకునేలా ఉంచుకోవాలంటుంది. ఉంచుకున్నారా లేదా తెలియాలంటే ‘ఉందా’ అని అడిగితే చాలదు. ‘ఎప్పుడు నడిపి చూశారు, ఎవరు చూశారు’ అని తేదీతో, సంతకంతో అడగాలి.

ఇంకొకటి. ఈ పట్టికను ఆఫీసులో కూచుని నింపొద్దు. జమ్మిచెట్టు దగ్గర, జొహరాపురంలో 2009 నీళ్లు ఎంతవరకూ వచ్చాయో చేయి పెట్టి చూపించే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ గీతలు వాళ్లతోపాటే పోకముందు రాసుకోవాలి. తర్వాత కట్టిన ఇళ్లలో దిగినవాళ్లకు ఆ సంగతే తెలియదు. అనంతపురంలో 2022 అక్టోబరులో నడిమివంక వాగు కాలనీల్లోకి వచ్చినప్పుడు, ఇది వంక దారి అని మాకెవరూ చెప్పలేదని అక్కడ కాపురముంటున్న మా చెల్లెలు ఫోనులో ఏడ్చింది. వంకకు దాని దారి గుర్తుంటుంది, ప్లాటు అమ్మినవాడికి గుర్తుండదు.

నింపిన పట్టికను సచివాలయం గోడకు అంటించమని కూడా అడిగాను. అది లోపలి కాగితం అన్నారు. ఎందుకు లోపలిదో నాకు అర్థం కాలేదు. తప్పు రాస్తే పట్టుకునేది ఆ సందులో ఉండే మనుషులే కదా.

ఆ రోజు నేను సంతకం పెట్టలేదు. ఇంటికొచ్చి సంఘం పుస్తకం వెనక పేజీల్లో మా మూడు సందుల లెక్క నేనే రాసుకున్నాను. మెట్లెక్కలేనివాళ్లు పదకొండు మంది, డయాలసిస్‌కు పెద్దాస్పత్రికి పోయేవాళ్లు ఇద్దరు, నెలలు నిండుతున్న అమ్మాయి ఒకతె, పగలంతా తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలాయన ఒకరు. రాత్రివేళ మైకు పట్టుకోగలిగేది మసీదులో ఎవరు, గుడిలో ఎవరు అన్నదీ రాశాను. పుస్తకం పట్టుకెళ్లి చూపిస్తే, బాగుందమ్మా, కానీ ఇవి ఎక్కించడానికి ఫారంలో గడి లేదన్నారు. వచ్చే వానలకు ముందు కొత్త ఫారం అచ్చువేసేటప్పుడు ఆ ఒక్క గడి పెట్టించమని, మీ పత్రిక ద్వారా కలెక్టరు గారికి మనవి.

– ఒక పొదుపు సంఘాల ఆర్పీ,
పాతబస్తీ, కర్నూలు