పెద్ద డిస్కుల కన్నా ముందు బ్రేక్ ఆయిల్

సంపాదకులకు నమస్కారం.

స్పోర్ట్స్ కారు కొన్న యువకులు చాలామంది నెల తిరగకుండానే పెద్ద డిస్కులు (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లేలు), ఎర్ర కాలిపర్లు (ఆ పళ్లేలను ప్యాడ్లతో అదిమి పట్టే భాగాలు) బిగించుకుంటున్నారు. బ్రేకుల మీద శ్రద్ధ మంచిదే గానీ, దేని తర్వాత దేనికి ఖర్చు పెట్టాలో చెప్పేవారు కరవయ్యారన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం పెద్ద డిస్కులు వేయించిన నా రెండు సీట్ల కారులో అరకు నుంచి అనంతగిరి ఘాట్ దిగుతున్నాను. ఎస్.కోట ఇంకా చాలా దూరం ఉందనగా బ్రేక్ పెడల్ మెత్తబడి, ఒక మలుపులో దాదాపు అడుగుకు దిగిపోయింది. గబగబా రెండు మూడుసార్లు తొక్కి, గేరు తగ్గించి, ఎలాగో పక్కకు ఆపాను. మర్నాడు విశాఖలో మెకానిక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూపిస్తే లోపల కాఫీ డికాషన్ రంగు ద్రవం కనిపించింది. డిస్కులు మార్చినవారు పాత ఆయిల్‌నే ఉంచి, బ్రేకు పైపుల్లోని గాలి మాత్రం తీసి పంపారు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కార్లలో వాడే డాట్-4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదన్నది ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక అదే ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్‌లో ఎడతెరిపి లేకుండా బ్రేకు తొక్కితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, మన కాలి బలమంతా వాటిని నొక్కడానికే సరిపోయి ప్యాడ్ల దాకా చేరదు.

పెద్ద డిస్కు వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం 120 అయితే బ్రేకులు హరించాల్సిన శక్తి నాలుగింతలవుతుంది కనుక, రేసు ట్రాక్ మీద నడిపేవారికి అది అవసరమే. అయితే పాత బ్రేకులే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) పనిచేసేంత గట్టిగా పట్టగలిగినప్పుడు, ఒక్కసారి తొక్కితే కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది టైర్ల పట్టును బట్టే ఉంటుంది. పైగా కొలతలు చూడకుండా ముందు చక్రాలకే పెద్దవి వేస్తే వెనక బ్రేకుల వాటా తగ్గి, ఆ దూరం పెరగనూ వచ్చు.

కాబట్టి మొదట కొత్త ఆయిల్, మంచి ప్యాడ్లు, పగుళ్లు లేని హోస్ పైపులు, నాణ్యమైన టైర్లు చూసుకోవాలని కారు యజమానులను వేడుకుంటున్నాను. బ్రేకులు మార్చిన దుకాణదారు ఏ రకం ఆయిల్ ఏ తేదీన పోశారో బిల్లు మీద తప్పక రాసి ఇచ్చేలా రవాణా శాఖ నిబంధన తేవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విశాఖపట్నం