పక్షిరాజు తన ముక్కును విరగ్గొట్టుకోదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో వచ్చే క్రైస్తవ ధ్యాన శీర్షికను నేను వదలకుండా చదువుతాను. పొలం నుంచి, పెరటి నుంచి, వంటింటి నుంచి విశ్వాసానికి పనికొచ్చే మాట ఏరి చెప్పడం నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ఆ ఇష్టం కొద్దీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్నటి సంచికలో పక్షిరాజు (మన తెలుగు బైబిల్లో పెద్ద గద్దకు ఉన్న పేరు) కథ మళ్ళీ వచ్చింది. 40వ ఏట దాని ముక్కు వంగిపోతుందట, గోళ్ళు మొద్దుబారతాయట, ఈకలు బరువెక్కుతాయట. అప్పుడది కొండ కొమ్ము చేరి, ముక్కును బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందట. కొత్త ముక్కు వచ్చాక దానితో పాత గోళ్ళు, కొత్త గోళ్ళు వచ్చాక వాటితో పాత ఈకలు పీకేసుకుంటుందట. 150 రోజులు ఇలా బాధపడి, ఆ పైన ఇంకో 30 ఏళ్ళు హాయిగా బతుకుతుందట. ఈ కథను సువార్త కూటాల్లో విన్నాను, ఫోనుల్లో తిరిగే వీడియోల్లో చూశాను. ఈసారి అచ్చులో, పక్షి బొమ్మతో సహా చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. మా చర్చిలో సండేస్కూలు ఇప్పటికీ చెబుతున్నాను. బడిలో ఒక గద్ద, చర్చిలో ఇంకో గద్ద అంటే నా వల్ల కాదు.

విషయం చాలా చిన్నది. పక్షి ముక్కు లోపల ఎముక ఉంటుంది. దాని మీద కెరటిన్ తొడుగు ఉంటుంది. మన గోళ్ళలో ఉండేదీ కెరటినే. ఆ తొడుగు జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది, తిండి చీల్చుకునేటప్పుడు, ముక్కును కొమ్మకు రాసుకునేటప్పుడు అరుగుతూనే ఉంటుంది. మొత్తం ముక్కే ఊడిపోయిన గద్ద మాంసం చీల్చుకోలేదు. నెలల తరబడి తిండి లేకుండా కొండ మీద కూర్చుంటే చచ్చిపోతుంది. పెద్ద జాతి గద్దలు అడవిలో 20, 30 ఏళ్ళు బతికితే గొప్ప. 40వ ఏట వచ్చే సంకటం వాటికి రానే రాదు.

ఇక ఈకల సంగతి. ఈ ఒక్కచోట నిజం కథకంటే అందంగా ఉంది. పక్షి ఈకలు రాలుస్తుంది, కానీ అన్నీ ఒక్కసారి కాదు. ఇక్కడో ఈక, అక్కడో ఈక, రెండు రెక్కల్లోనూ ఇంచుమించు సమంగా రాలుతుంది. రాలినచోట కొత్తది మొలుస్తుంది. పెద్ద గద్దలకు రెక్కల్లోని ఈకలన్నీ మారడానికి ఏడాదికి పైగా పడుతుంది. ఆ కాలమంతా అవి ఎగురుతూనే ఉంటాయి, వేటాడుతూనే ఉంటాయి. 103వ కీర్తనలో దావీదు, దేవుడు మేలుతో తృప్తిపరుస్తాడు గనుక పక్షిరాజుకు వచ్చినట్టు మనకూ యౌవనం కొత్తదవుతూ ఉంటుంది అన్నాడు. ఆ వాక్యంలో బండ లేదు, రక్తం లేదు. ఎగురుతున్న పక్షికి ఎగురుతుండగానే కొత్త ఈకలు రావడం నాకు ఆ వాక్యానికి సరిపోయినట్టు కనిపిస్తుంది. మధ్యలో ఈ ముక్కు విరగ్గొట్టుకునే తంతు ఎవరు చేర్చారో గానీ, కీర్తనకారుడు మాత్రం కాదు.

"పోనీలెండి టీచర్ గారూ, కథే కదా, నీతి మంచిదే కదా" అని మా సంఘ పెద్ద ఒకరు అన్నారు. ఆ నీతి మంచిదేనా అన్నదే నా సందేహం. మా సంఘంలో ఒకామె క్యాన్సరుకు మందులు ఎక్కించుకుంటోంది. జుట్టంతా ఊడిపోయింది. పరామర్శకు వెళ్ళిన ఒకాయన మంచం పక్కన కూర్చుని ఈ కథే చెప్పి, "ఈకలు పోతేనే కదమ్మా కొత్త ఈకలు వచ్చేది, నువ్వు ఇంకా లోబడాలి" అని ప్రార్థన చేసి వెళ్ళాడు. మర్నాడు నేను వెళితే ఆమె అడిగిన మొదటి మాట, "ఆ పక్షి నిజంగా అలా చేస్తుందా అండీ?" అని. చేయదమ్మా అన్నాను. తలకు చుట్టుకున్న తువ్వాలు సర్దుకుంటూ, "మరి నాకెందుకు చెప్పినట్టు?" అంది. జబ్బు మనిషి తన నొప్పిని తానే పెంచుకోవాలని చెప్పే కథ అది. దానికి సాక్ష్యంగా లేని పక్షిని తీసుకువచ్చారు.

యేసు ప్రభువుకు అలాంటి పక్షి అవసరపడలేదు. ఆయన చూపించినవన్నీ విన్నవాళ్ళు ఇంటికి వెళ్ళి మళ్ళీ చూసుకోగలిగినవే. పిండిలో పులుపు, దీపం, ఉప్పు, పోగొట్టుకున్న నాణెం కోసం ఇల్లు ఊడ్చే ఆడమనిషి. మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు అమ్ముతారు. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు పిచ్చుకలు. లెక్క ప్రకారం నాలుగే రావాలి. అయిదోది కొసరు. మా రేపల్లె బజారులో ఆకుకూరలు కొంటే చివర్లో గుప్పెడు కరివేపాకు పడేసినట్టు పడేసిన పిచ్చుక అది. దాన్ని కూడా దేవుడు మరచిపోడు అని ఆయన మాట. బేరం తెలిసిన ఏ ఇల్లాలికైనా దీన్ని విప్పి చెప్పనక్కరలేదు. వ్యాఖ్యానాలు ముందేసుకున్న మన బోధకులే తరచు దాని పక్క నుంచి వెళ్ళిపోతారు.

కోడి సంగతీ అంతే. అగ్నిప్రమాదంలో రెక్కల కింద పిల్లలను దాచుకుని తాను మాడిపోయిన కోడి కథ ఒకటి ప్రచారంలో ఉంది. ఎక్కడ జరిగిందో చెప్పేవాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కో దేశం పేరు చెబుతారు. అంత దూరం ఎందుకు? పెరట్లో గద్ద నీడ పడగానే తల్లి కోడి గొంతు మారుతుంది. గింజ దొరికినప్పటి పిలుపు వేరు, ఇది వేరు. ఆ కూత వినగానే పిల్లలు ఎక్కడివక్కడ వదిలేసి రెక్కల కిందికి దూరిపోతాయి. ఒకటి మాత్రం దూరంగా పేడకుప్ప దగ్గరే ఉండిపోతుంది, గద్ద తన్నుకుపోయేది దాన్నే. కోడి పిల్లలను రెక్కల కింద చేర్చుకున్నట్టు మిమ్మల్ని చేర్చుకోవాలనుకున్నాను అని యెరూషలేమును చూసి ప్రభువు దుఃఖపడ్డది రెక్కలు చాలక కాదు. ఎన్నిసార్లు పిలిచినా మీరు రాలేదు అని. మన ప్రసంగాల్లో రెక్కల గురించి ఎంతో వింటాం, రాని పిల్ల గురించి వినడం తక్కువ.

మా స్త్రీల సమాజంలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. ఒకనాడు మత్తయి 13వ అధ్యాయంలోని గురుగుల ఉపమానం చదువుకున్నాం. గోధుమల మధ్య శత్రువు గురుగులు చల్లుతాడు, పనివాళ్ళు పీకేస్తామంటే యజమాని కోతదాకా ఉండనివ్వమంటాడు. చదువుకున్న మేమంతా క్షమ, సహనం అని మాట్లాడుతున్నాం. ఏళ్ళ తరబడి కలుపు తీసిన ఒకావిడ మాత్రం ఒప్పుకోలేదు. "పీకొద్దన్నాడంటే చేను అప్పటికే ఈనేసి ఉంటుంది. ముందైతే ఏ ఆసామి వద్దంటాడు?" అంది. వాక్యం మళ్ళీ చూశాం. పైరు పెరిగి గింజ పట్టినప్పుడే గురుగులు కనబడ్డాయని అక్కడ స్పష్టంగా ఉంది! చాలామంది పండితులు ఆ గురుగులను గోధుమను పోలిన ఒక విషపు గడ్డిగా చెబుతారు. వెన్ను తీసేదాకా దాన్ని పోల్చుకోవడం కష్టం, అప్పటికి వేళ్ళు పెనవేసుకుని ఉంటాయి.

మన వరిలో మొలిచే ఊద అనే కలుపు గడ్డి కూడా అలాంటి మోసగత్తే. నారు వయసులో వరికీ దానికీ తేడా నాబోటివాళ్ళకు తెలియదు. ఆవిడ రెండు మొక్కలు తెచ్చి చూపించింది. ఆకు కాడను అంటుకునేచోట వరికి పల్చని తెల్లటి పొర నాలుకలా ఉంటుంది, అటూ ఇటూ నూగుతో చిన్న చెవులు ఉంటాయి. ఊదకు ఆ చోట ఏమీ ఉండదు, వేలు పెడితే నున్నగా జారిపోతుంది. పాఠ్యపుస్తకం భాషలో దీన్ని నేను చెప్పగలను. కానీ బురదలో వంగి, చూడకుండానే, వేలి కొసతో తేడా కనిపెట్టే విద్య ఆవిడది. "ఈనిన చేలో కలుపు తీయడానికి దిగినోడు ఊద కంటే వరినే ఎక్కువ తొక్కుతాడు" అని కూడా ఆవిడే అంది. ఆ నెలలోనే మా సంఘంలో ఒక కుటుంబాన్ని వెలివేయాలని తగాదా నడుస్తోంది. ఆవిడ మాట తర్వాత ఆ గదిలో కాసేపు ఎవరూ నోరు మెదపలేదు. వెలి ప్రస్తావన ఆగిందా అంటే, ఆగలేదు, వాయిదా పడింది.

ఇలాంటి మనుషులు ఎదురుగా కూర్చుని ఉంటే మన వేదికల మీద మంచు, ఆపిలు తోటలు, ఓక్ చెట్లు ఎందుకో నాకు అర్థం కాదు. కోత పండుగనాడు బలిపీఠం చుట్టూ వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళు కట్టేసిన పుంజు. ప్రసంగంలో మాత్రం నీళ్ళలో మెల్లగా ఉడికిపోయే కప్ప! (వేడి పెరిగితే కప్ప దూకేస్తుంది. అదీ వట్టి కథే.) వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలిచి ఉండగానే, చేతితో మినుములు చల్లే రైతులున్న సంఘం అది. ప్రభువు చెప్పిన విత్తేవాడి ఉపమానం చదివితే, గట్టు మీద పడ్డ గింజ ఏమవుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రకృతి పాఠాలు చెప్పేవాళ్ళు తప్పించుకు తిరిగే విషయం ఇంకొకటి ఉంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను హైస్కూల్లో చదువుతున్నాను. మాకు కృష్ణ అవతలి ఒడ్డే దివిసీమ. వేలమంది పోయారు. అందులో మా చర్చిలో నా పక్కన కూర్చుని పాడేవాళ్ళ చుట్టాలున్నారు. కొన్ని వారాలకు ఊరిమీదికి వచ్చిన ఒక బోధకుడు అది పాపానికి దేవుడు నేర్పిన పాఠం అన్నాడు. పువ్వుల్లో, పిట్టల్లో దేవుని చేతిని చూపించేవాడికి గాలివాన దగ్గరకు వచ్చేసరికి ఇదే తోస్తుంది కాబోలు. లూకా 13వ అధ్యాయంలో సిలోయములోని గోపురం కూలి 18 మంది చనిపోయిన ప్రస్తావన ఉంది. వాళ్ళు యెరూషలేములో అందరికంటే పెద్ద దోషులా అని అడిగి, కాదని ప్రభువే చెప్పాడు. నీతిమంతుల మీద, అనీతిమంతుల మీద ఒకే వాన కురుస్తుందని కొండమీది ప్రసంగంలో ఉంది. ఈ రెండూ తెలిసి కూడా ప్రతి తుఫానుకూ అదే పాట పాడేవాళ్ళున్నారు. మీ శీర్షికలో అలాంటిది ఇంతవరకు రాలేదు, అందుకు కృతజ్ఞురాలిని.

గద్దల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. పీనుగు ఎక్కడుంటే గద్దలు అక్కడ పోగవుతాయని మత్తయి 24వ అధ్యాయంలో ఉంది. సండేస్కూలులో ఆ వాక్యం చదివితే పిల్లలకు అర్థం కాదు. చచ్చిన గొడ్డు చుట్టూ వాళ్ళు చూసింది కుక్కలను, కాకులను. మా చిన్నతనంలో ఊరవతల గుంపులుగా వాలే రాబందులు ఇప్పుడు లేవు. పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చిన డైక్లోఫెనాక్ మందు ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసింది. 1990ల నుంచి దేశమంతటా అవి కుప్పకూలిపోయాయి. 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. ఈ సంగతి మీద ఒక్క ప్రసంగమూ నేను వినలేదు. ముక్కు విరగ్గొట్టుకునే పక్షి మీద లెక్కలేనన్ని విన్నాను.

నా మనవి రెండే. గద్ద కథ వచ్చిన చోటే, అంతే పెద్ద అక్షరాల్లో, అది వాస్తవం కాదని వేయండి. ఇకమీదట జంతువుల సంగతులు వచ్చినప్పుడు ఒక పశువైద్యుడికో, సైన్సు టీచరుకో ఒకసారి చూపించండి. ఆ శీర్షిక రాసేవారి భక్తిని నేను శంకించడం లేదు, ఆయన రాసిన చింతచెట్టు నీడ వ్యాసాన్ని కత్తిరించి సండేస్కూలు గోడకు అంటించాను కూడా. ఊద, వరి మొక్కలు పక్కపక్కన పెట్టిన ఫొటో కావాలంటే నాట్లు అయిన రెండు మూడు వారాలకు తీసి పంపగలను. వేలు ఎక్కడ పెట్టి చూడాలో చూపించేది మాత్రం మా కలుపు తీసే ఆవిడే. ఫొటో కింద ఆవిడ పేరు వేయడానికి మీకు అభ్యంతరం లేకపోతే, ఆవిడను అడిగి చెబుతాను.

ఇట్లు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
రేపల్లె మండలం, బాపట్ల జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)